ఫీజు కట్టాం, డ్యూటీ కూడా పడింది

మావాడిని ఫుట్‌బాల్‌లో చేర్పిస్తే నాకూ పని పడుతుందని ముందు ఎవరూ చెప్పలేదు! జర్మనీలో ఊరూరా ఉండే స్పోర్ట్స్ క్లబ్బులు చాలావరకు జీతం లేని మనుషుల మీదే నడుస్తాయి, మా కోచ్ పగలంతా ఎలక్ట్రీషియన్, లెక్కలు చూసేది రిటైరైన టీచరమ్మ, మ్యాచ్ రోజు కాఫీ, కేకులు అమ్మేది మాలాంటి తల్లిదండ్రులు. ఏడుగురు కలిస్తే క్లబ్బు రిజిస్టర్ చేసుకోవచ్చట, దేశం మొత్తం మీద ఇలాంటివి 86 వేల దాకా ఉన్నాయి. ఆఫీసులో ఇన్నేళ్లుగా హలో దాటని నా జర్మన్ ఆ కేకుల దగ్గరే కాస్త కదిలింది, పక్కన సాసేజీలు కాలుస్తున్న పెద్దాయనది మా వీధేనని కూడా అప్పుడే తెలిసింది. అలాగని అందరూ ఇట్టే కలిపేసుకుంటారనుకోకండి, మ్యాచ్ అయ్యాక బీరు బల్ల దగ్గర పాతకాపుల జట్టు వేరే. వచ్చే వారం గోల్ నెట్లు కట్టే పని నాకే వేశారు.