శికంలో చీలమండ లోతు నీళ్ళు

జనవరి, ఆదివారం రాత్రి

నాలుగున్నరకు అలారం మోగేసరికి నాయిన అప్పటికే మంకీ టోపీ పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు. "మీ చదువుకున్నోళ్ళ నడుమ నేనెందుకు బిడ్డా" అని నిన్న రాత్రి అన్నది ఈయనే. సంక్రాంతికి చేసిన సకినాలు డబ్బాలో పెట్టుకుని, ఫ్లాస్కు నిండా చాయ్ పోసుకుని స్కూటీ తీశాను. పానగల్లు దాకా ఒకటే మంచు. వెనక కూర్చుని నాయిన దారి పొడుగునా "మెల్లగ, మెల్లగ" అంటూనే ఉన్నాడు.

ఉదయసముద్రం కట్ట మీద మేం కాక ఇంకో ఏడుగురు ఉన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన గైడు, తమ్ముడూ అనే పిలుస్తాం, మూడు కాళ్ళ స్టాండు మీద పెద్ద టెలిస్కోపు బిగిస్తున్నాడు. నీటి పక్షుల లెక్క ఏటా జనవరిలోనే జరుగుతుంది. మన దేశంలోనూ ఇరుగుపొరుగు దేశాల్లోనూ 1987 నుంచి నడుస్తోంది. ఎవరి ఊరి చెరువు దగ్గర వాళ్ళు నిలబడి, కనిపించిన పిట్టనల్లా రాసి పంపుతారు. నేను లెక్కకు రావడం ఇది రెండోసారి, నాయినకు మొదటిసారి.

తమ్ముడు ముందుగానే కొన్ని చెప్పాడు. ఎండ వీపు మీద పడేటట్టు నిలబడాలి, లేకపోతే పిట్టలన్నీ నల్లగానే కనిపిస్తాయి. వేలు చాచి చూపకూడదు. పిట్ట తల ఎత్తి మనల్ని చూసిందంటే అక్కడే ఆగిపోవాలి, ఇంకో అడుగు వేస్తే లేచిపోతుంది. నాయిన ఇవన్నీ విని నా చెవిలో, "గొర్ల కాపరికి ఇవి చెప్పాల్నా" అన్నాడు. చిన్నప్పుడు ఆయన గొర్లు కాసింది నిజమే.

కందూరి చోళుల్లో ఉదయచోళుడి పేరు మోస్తున్న చెరువు ఇది. ఇప్పుడు కృష్ణ నీళ్ళు ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ మీదుగా వచ్చి ఇందులో పడుతున్నాయి. కట్ట మీద నిలబడి నాయిన చాలాసేపు ఆ నీళ్ళనే చూశాడు. ఆయన పళ్ళ మీద గోధుమరంగు మరకలున్నాయి, చిన్నతనంలో తాగిన బోరింగు నీళ్ళ ఫ్లోరిన్ గుర్తు. మా తరం పళ్ళు తెల్లగా ఉన్నాయంటే కారణం ఈ నీళ్ళే. అందుకే ఏ చెరువు నిండినా ఆయనకు పండగే. నాకూ అంతే. ఇవాళ ఆ నిండుదనాన్ని ఇంకో తీరుగా చూడాల్సి వచ్చింది, అందుకే ఇదంతా రాసుకుంటున్నాను.

కట్ట వైపు నీళ్ళు లోతు. అంచంతా రాళ్ళు పేర్చి ఉంది. అక్కడ కనిపించినవి లోతుకు భయపడనివే. బొల్లికోళ్ళు గుంపుగా తేలుతున్నాయి. బుడబుంగలు ఇక్కడ మునిగి ఎక్కడో తేలుతున్నాయి. మొండి చెట్టు మీద నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి. వాటి రెక్కలు నీళ్ళకు తడుస్తాయట. తడిస్తేనే బరువెక్కి, చేప వెంట లోపలికి దూకడం తేలికవుతుందట.

మాతో వచ్చిన ఒకాయన, "సైబీరియా కొంగలేవి?" అని అడిగాడు. ప్రతి చెరువు దగ్గరా ఎవరో ఒకరు అడుగుతారు. దూరంగా నీళ్ళలో నిలబడ్డ పెద్ద కొంగలను తమ్ముడు టెలిస్కోపులో చూపించాడు. పసుపు ముక్కు, వెనక తోక దగ్గర గులాబీ రంగు. ఎర్రకాళ్ళ కొంగలు. "ఇవి సైబీరియావి కావన్నా, మనవే. ఇక్కడే పుట్టి, ఇక్కడే గూడు పెట్టి, నీళ్ళెక్కడుంటే అక్కడికి తిరుగుతుంటాయి" అన్నాడు. అడిగినాయన ముఖం కొంచెం చిన్నబోయింది. నాకైతే చెప్పలేనంత సంతోషమైంది. అందంగా ఉన్న ప్రతిదాన్నీ ఎక్కడినుంచో వచ్చిన చుట్టమనుకోవడం మనకు అలవాటైంది, మన పక్కింటిది కూడా కావచ్చని తోచదు.

"మరి సైబీరియా పిట్టను చూడాలంటే అవతలి గట్టుకు పోదాం పదండి" అన్నాడు.

అవతలి వైపు శికం. నీళ్ళు వెనక్కి తగ్గినకొద్దీ బయటపడే నేల. బురద, పగుళ్ళు, గడ్డి దుబ్బులు, మధ్యమధ్య చీలమండ లోతు నీళ్ళు. నాయిన అక్కడికి రాగానే చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. "మా ఊరి చెరువుల నీళ్ళు గుంజుకపోయినకొద్దీ శికంల దోసగింజలు పెట్టేటోళ్ళం. నీళ్ళు పెట్టే పనే ఉండకపోయేది" అన్నాడు తమ్ముడితో. తమ్ముడు ఆగి మరీ విన్నాడు.

మేం ఒక తుమ్మచెట్టు నీడలో కూర్చున్నాం. పది నిమిషాల దాకా ఎవరూ మాట్లాడలేదు. బురద కదిలినట్టయింది. బైనాక్యులర్ పెట్టి చూస్తే బురద కాదు, పిట్టలు. ఇంచుమించు పిచ్చుకంతే ఉన్నాయి. వీపు బూడిద గోధుమ రంగు, కడుపు తెలుపు, నల్లని సన్నటి కాళ్ళు. మిషన్‌లో సూది ఆడినట్టు ముక్కుతో బురదను టకటకా పొడుస్తూ, రెండడుగులు ఉరికి మళ్ళీ పొడుస్తున్నాయి. ఒకటి మాకు పది గజాల దూరం దాకా వచ్చింది. దాని ముక్కు కొసన సన్నని ఎర్రపురుగు వేలాడుతోంది. మెడ ఎత్తి మింగి, ముక్కును నీళ్ళలో ఒకసారి ముంచి కడుక్కుంది. కడుక్కోవడం నేను కళ్ళారా చూశాను.

"వీటిని ఇంగ్లీషులో లిటిల్ స్టింట్ అంటారు అక్కా. బరువు ముప్పై గ్రాములకు అటూ ఇటూ. పైన ఉత్తర ధ్రువానికి దగ్గర, సైబీరియా టండ్రాలో గుడ్లు పెడతాయి. మళ్ళీ ఎండాకాలం మొదట్లో పోతాయి" అన్నాడు తమ్ముడు గుసగుసగా.

"ఉల్లంకి పిట్టలు గదా ఇవి" అన్నాడు నాయిన. చిన్నవైనా పెద్దవైనా అంచు మీద ఉరికే ఈ జాతి పిట్టలన్నిటికీ ఆయన దగ్గర ఒకటే పేరు. "మా చిన్నప్పుడు వీటికి ఉరులు పెట్టేటోళ్ళు. అంత దూరంకెల్లి వస్తయని తెల్వదు" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు బైనాక్యులర్ నాకివ్వలేదు.

పక్కనే పొడుగు ఎర్రకాళ్ళ పిట్టలు మోకాలు లోతులో తిరుగుతున్నాయి, వాటికన్నా పొట్టి కాళ్ళవి చీలమండ లోతులో, ఈ బుడ్డవి వేలి లోతులో. ఎవరి కాలు ఎంతో వాళ్ళ బువ్వ అంత లోతులోనే ఉంటుంది. పోయినేడు సూళ్ళూరుపేట మీదుగా పులికాట్‌కు పోయినప్పుడు కూడా ఒక గైడు ఇదే చెప్పాడు. శ్రీహరికోట రోడ్డుకు రెండు పక్కలా ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో ఫ్లెమింగోలు ముక్కు తలకిందులు చేసి నీటిని వడగట్టుకుంటూ నడుస్తున్నాయి. అంత పెద్ద సరస్సు సగటు లోతు మీటరేనంటే నమ్మలేకపోయాను. అక్కడ ఉప్పునీళ్ళు, ఇక్కడ కృష్ణమ్మ నీళ్ళు. కాలు మునగాల్సిన లోతు మాత్రం రెండు చోట్లా ఒకటే. పులికాట్ అంత దూరం పోయి నేర్చుకున్నది నా ఇంటికి పదిహేను కిలోమీటర్లలోనే ఉందని నాకు ఇవాళ్టిదాకా తట్టలేదు.

వరిపొలాల వైపు నత్తగుల్ల కొంగలు. రెండు ముక్కులూ మూసినా మధ్యలో సందు మిగులుతుంది, ఆ సందులోంచి అవతలి ఆకాశం కనిపిస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదట, పెరిగేకొద్దీ ఏర్పడుతుందట. ఒకటి బురదలోంచి నత్తను తీసి, అటూ ఇటూ సర్ది, గుల్ల పగలకుండానే కండను లాగేసింది. నారు పీకే కూలీలు పక్కనే ఉన్నారు, ఎవరూ ఎవరినీ పట్టించుకోలేదు.

లెక్క పని మాత్రం తేలిక కాదు. ముందు పది పిట్టలు లెక్కపెట్టి, ఆ పదీ ఎంత జాగా తీసుకున్నాయో కంటితో పట్టుకుని, ఆ కొలతను గుంపు మీద పరుచుకుంటూ పోవాలి. బొల్లికోళ్ళను ఇట్లాగే లెక్కేశాం. ఉల్లంకులను మాత్రం ఒక్కొక్కటిగానే లెక్కపెట్టాను. నలభై మూడు వచ్చాయి. నాయిన నలభై నాలుగన్నాడు, గడ్డి దుబ్బు వెనక ఒకటి ఉండె అన్నాడు. మళ్ళీ చూసేసరికి పైనుంచి ఒక గద్ద నీడ పడింది, గుంపంతా ఒకేసారి లేచి వంకరగా తిరిగి, తెల్లగా మెరిసి అవతల వాలింది. కాగితంలో నలభై మూడే రాశాం.

పదిన్నరకు సకినాలు, చాయ్. అందరూ నాయిన చుట్టూ చేరి పిట్టల పేర్లు అడిగారు. గుడ్డికొంగ పేరు గురించి ఆయన చెప్పింది తమ్ముడు రాసుకున్నాడు: "మనిషి దగ్గరికి పోయినా కదల్దు, గుడ్డిదనుకుంటం. లేస్తే గప్పుడు తెల్ల రెక్కలు."

వచ్చేటప్పుడు మా ఊరి మలుపులో కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపించింది. స్కూటీ ఆపాను. రెక్కలు విప్పి ఎగిరితే ఆ నీలం ఎంతసేపూ కళ్ళలోంచి పోదు.

ఆ సంతోషం మా చెరువు దాకా కూడా ఉండలేదు. పొద్దున చీకట్లో చూడలేదు కానీ, శికం వైపు మొరం కుప్పలు పోసి ఉన్నాయి. ఒక పక్కన ఇప్పటికే చదును చేశారు. నడక బాట అంటున్నారు, దీపాలూ బెంచీలూ వస్తాయంటున్నారు. ఎవరి పని, ఎవరి అనుమతి, అడిగితే ఒక్కరూ తేల్చి చెప్పలేదు. పోయిన వారమే అక్కడ బురద అంచున నాలుగు తీతువ పిట్టలు అరుస్తూ తిరగడం చూశాను. ఇవాళ ఒక్కటీ లేదు. చెరువు నిండితే చాలని ఇన్నాళ్ళూ నేను కూడా అనుకున్నదాన్నే. మొరం పోసి అంచును నిటారుగా చేస్తే నీళ్ళు అంతే ఉంటాయి, వేలి లోతు మాత్రం ఉండదు. ముప్పై గ్రాముల పిట్ట టండ్రా నుంచి వచ్చి ఆ రాళ్ళ మీద ఎక్కడ నిలబడాలి? మధ్యాహ్నమంతా కడుపులో అదే మెలిపెట్టింది, అన్నం సహించలేదు.

సాయంత్రం నాయినే ఎత్తాడు ఆ మాట. "శికం సర్వే నంబరు పాత పహాణీల ఉంటది, నువ్వు మీసేవల పని చేస్తవు గద" అన్నాడు. రేపు పొద్దున ఆ పహాణీ, అంటే ఊరి భూముల రికార్డు, నకలు తీసి, ఇద్దరం కలిసి పంచాయతీ ఆఫీసుకు పోవాలనుకున్నాం. హద్దురాళ్ళు ఎక్కడున్నాయో ఆయనకు తెలుసు. నా నోట్‌బుక్కు వెనక పేజీలో వణికే చేత్తో గీసి చూపించాడు: ఒకటి మత్తడి పక్కన, ఒకటి ఈతచెట్ల కింద, మూడోది ఇవాళ మొరం పోసిన చోట.