ముంగారు రాకముందే మొలిచిన చేను

గుత్తి కోట దాటాక బస్సు కిటికీలోంచి ఎటు చూసినా ఎర్రమట్టే. మే నెలాఖరు. దున్ని వదిలేసిన చేలు, సుడిగాలికి లేస్తున్న దుమ్ము. ఈ ఎండలో పచ్చటి మెట్టచేను చూడ్డానికి పోతున్నానంటే, పక్కసీటు పెద్దాయన "ఏ బోరు కిందదో అయుంటాది లే" అని కళ్లు మూసుకున్నాడు.

అసలు నన్ను బయల్దేరదీసింది నా భంగపాటే. పాలమూరులో మాకున్న రెండెకరాల చెల్కలో నిరుడు వేసవిలో జనుము, జీలుగ చల్లాను. సగం చీమలు మోసుకుపోయాయి. మిగిలినవి ఒక జల్లుకి మొలిచి, వారం తిరక్కుండా మాడిపోయాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే అనంతపురం జిల్లాలో, వాన రాకముందే పొడి దుక్కిలో విత్తుతున్నారని విని ఆశ పుట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో ఇదొక భాగం. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి వచ్చినప్పుడు పేపర్లో చదివాను. ఆఫీసు కాగితాల్లో దీన్ని పీఎండీఎస్ (ప్రీ మాన్సూన్ డ్రై సోయింగ్, అంటే ముంగారుకి ముందే పొడి దుక్కిలో విత్తడం) అంటారు. ఊళ్లో మాత్రం 'నవధాన్యాలు' అనే అంటారు, గింజలు ఇరవై రకాలున్నా సరే.

కల్యాణదుర్గం దాటి ఆటో దిగేసరికి, నేను వెతుక్కుంటూ వచ్చిన అక్క వేపచెట్టు కింద గింజలు ముందేసుకుని కూర్చుంది. జొన్న, సజ్జ, కొర్ర, అలసంద, ఉలవ, కంది, అనుము, గోగు, ఆముదం, నువ్వులు, ధనియాలు. పాత దుప్పట్లో పోసి, ఇద్దరం చెరో కొస పట్టుకుని ఊయల ఊపినట్టు ఊపాం. ముందు బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన నీళ్లు) చిలకరింపు, తర్వాత బంకమట్టి పొడి, ఘనజీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి ఆరబెట్టిన ఎరువు), చివర్న బూడిద. ఒక్కో గింజా చొక్కా తొడుక్కున్నట్టు కావాలి. అప్పుడే చీమ ముట్టదు, చిన్న తుంపరకి తొందరపడి మొలవదు. నేను తడి ఎక్కువ చేశాను. అంతా ముద్దయింది.

"సంగటి కెలికినావు గదా సార్!" అని నవ్వింది.

ఏప్రిల్‌లో విత్తిన చేను ఇంటి వెనకే ఉంది. మోకాలెత్తు పచ్చదనం, కింద వేరుశనగ పొట్టు, కంది కట్టె. పొట్టు తొలగించి అరచేయి ఆనించాను, చల్లగా ఉంది. గట్టవతల దున్నిన నేల మీద చేయి నిలవలేదు. మంచుకే మొలిచాయని దారిలో ఒకాయన గట్టిగా చెప్పాడు గానీ, రెండు జల్లులు పడ్డాయని అక్కే చెప్పింది. నాకు ఆమె మాటే నమ్మకంగా అనిపించింది.

రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, తన చేలో మట్టిగడ్డ ఒకటి, పక్క చేలో మట్టిగడ్డ ఒకటి వేసింది. పక్కచేనుది బుడగలు వదిలి క్షణాల్లో విచ్చుకుపోయింది, నీళ్లు రక్తంలా మారాయి. ఈమెది అడుగున అలాగే కూర్చుంది. వేర్లు, వాటిని అంటుకుని బతికే బూజులు వదిలే జిగురే మట్టి రేణువుల్ని పట్టి ఉంచుతుంది. అది లేని ఎర్రనేల తొలి వాన దెబ్బకే పైన పొరకట్టి బిగుసుకుంటుంది, మిగతా నీళ్లన్నీ వంకపాలు. అలసంద మొక్క పీకి, వేరు బుడిపెని గోటితో చిదిమి చూపించింది. లోపల గులాబీ రంగు. గాల్లోని నత్రజనిని పట్టే పని జరుగుతోందన్నమాట.

"మరి ఈ పైరే నేల్లో పదునంతా తాగేయదా అక్కా?"

"తాగుతాది. పోయినేడు జొన్న కంకికి ఆశపడి ఆపితిమి. చెనక్కాయ ఏసే పొద్దుకు నేల్లో తడి లేదు, పంట సగం పాయె. ఈసారి పూత కనపడితే కోసి పరిచేదే."

ఆ పరిచేదాని మీదే ఆ ఇంట్లో గొడవంతా. కోసింది గొడ్లకి వేయాలని ఆమె భర్త, నేలకే వదలాలని ఆమె. గడ్డి కొనాల్సిన ఊళ్లో ఆయన మాటా కొట్టిపారేయలేం. చివరికి సగం సగం అని ఒప్పందం కుదిరిందట, గొడ్లు మాత్రం ఎప్పుడూ సగం కంటే కాస్త ఎక్కువే తింటాయట.

నేను చెడగొట్టిన ముద్దని ఆమె పారేయలేదు. ఎండబెట్టి, చిదిపి, గట్టు వెంబడి వేసింది. నాకు రెండు కేజీల విత్తనం మూటగట్టి ఇచ్చింది. అది ఇప్పుడు మా ఇంట్లో దూలానికి వేలాడుతోంది. ఏప్రిల్ దాకా చీమల కంట పడకూడదు.