కామాకు తోక ఏదమ్మా?

నాన్న అనంతపురంలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పారు. నేను ఫిలడెల్ఫియా వచ్చిన కొత్తలో నెలకో ఉత్తరం రాసేవారు. గుండ్రటి, నిండైన అక్షరాలు. కొన్నేళ్లకు ఆ అక్షరాలే పంక్తి మొదట్లో మామూలుగా ఉండి, చివరికి వచ్చేసరికి చీమలబారులా సన్నబడిపోయేవి. చూపు తగ్గిందేమో అనుకున్నాను. మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గి కదలికలు మందగించే జబ్బు పార్కిన్సన్స్. దాని మొదట్లో చేతిరాత ఇలా చిక్కిపోతుందని తెలిసిన నేనే పోల్చుకోలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఎందుకంటే ఆ జబ్బును స్కాన్‌లో చూపించే మందు తయారు చేయడమే నా పని. మెదడులో నరాల కొసల దగ్గర డోపమైన్‌ను వెనక్కి తీసుకునే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకునే అణువుకు రేడియోధార్మికమైన ఫ్లోరిన్-18 తగిలిస్తాం. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం నుంచి ఫ్లోరిన్ వచ్చింది మొదలు ఉరుకులే. 110 నిమిషాలకు సగం తరిగిపోతుంది, మరో 110కి మిగిలినదాంట్లో సగం. అందుకే తెల్లవారుజామున మూడున్నరకే ల్యాబులో ఉంటాను. వేలికి రేడియేషన్ కొలిచే ఉంగరం, ఎదురుగా మందపాటి సీసపు గోడ. అంతా అయ్యాక సీసాలో చేరేది తేట నీళ్లలాంటి కొన్ని మిల్లీలీటర్లు. శుద్ధత, ఆమ్లత పరీక్షించి సంతకం పెడితేనే రోగి దగ్గరకు వెళ్తుంది.

నేను ల్యాబులో అడుగుపెట్టే వేళకు అనంతపురంలో మధ్యాహ్నం ఒంటిగంట. నాన్న మాత్ర వేసుకునే వేళ. పప్పులోని మాంసకృత్తులు ఆ మాత్రలోని లెవోడోపా మందుకు అడ్డుపడతాయని చెప్పినప్పటి నుంచి, అమ్మ మాత్ర ఇచ్చిన అరగంటకు గానీ కంచం పెట్టదు.

తాతయ్యకూ చేయి వణికేది కాబట్టి ఇది వంశపారంపర్యపు వణుకేనని మొదట చూసిన డాక్టరు అన్నారు. రెండేళ్లు అలాగే గడిచాయి. సెలవు పెట్టి వచ్చి, నాన్నను బెంగళూరు తీసుకెళ్లాను. సూది వేసి మూడు నాలుగు గంటలు కూర్చోబెట్టాక స్కాన్ తీశారు. ఆ కుటుంబ వణుకే అయితే డోపమైన్ అందుకునే భాగం రెండు వైపులా కామాల్లా వెలగాలి. పార్కిన్సన్స్‌లో తోకలు మాసిపోయి చుక్కలు మిగులుతాయి. నాన్నకు కుడి చేయి వణుకుతుంది. ఎడమ మెదడులో చుక్కే ఉంది. కుడివైపు తోక కొద్దిగా మిగిలింది. నాన్న ఆ బొమ్మను పరీక్ష పేపరులా దగ్గరగా పట్టుకుని, "ఈ కామాకు తోక ఏదమ్మా?" అని అడిగారు.

ఆయనకు ఎక్కించింది నేను చేసే మందు కాదు, టెక్నీషియం అనే మరో రేడియోధార్మిక లోహంతో చేసే ట్రోడాట్. 1990లలో అది తయారైంది మా ఫిలడెల్ఫియాలోనే, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో. బొమ్మ మా ఫ్లోరిన్ మందుతో తీసే పెట్ స్కాన్ అంత స్పష్టంగా రాదు. కానీ టెక్నీషియానికి సైక్లోట్రాన్ అక్కర్లేదు, మాలిబ్డినం ఉంచిన జనరేటర్ అనే చిన్న పరికరం నుంచి పిండుకోవచ్చు. సగానికి తగ్గడానికి ఆరు గంటలు పడుతుంది. బెంగళూరు నుంచి అనంతపురానికి నాలుగు గంటల ప్రయాణం అనుకుంటే, నా ఫ్లోరిన్ దారిలోనే అరిగిపోయి ఐదో వంతుకు కాస్త పైన మిగులుతుంది. టెక్నీషియం సగానికి పైగా నిలుస్తుంది. ఎంత సూక్ష్మంగా చూపినా మా ఊరు చేరని మందు మా నాన్నలాంటి వాళ్లకు ఎలా పనికొస్తుంది? సమావేశాల్లో ఈ మాటే పదేపదే అంటున్నాను.

చివరికి టెక్నీషియంతో కొత్త మందు ప్రయత్నించడానికి ల్యాబులో ఒక బల్ల ఇచ్చారు. టెక్నీషియాన్ని పట్టి ఉంచే రసాయన గూడు పెద్దది, దానితో రక్తంలోంచి మెదడులోకి దూరడం కష్టం. పోయిన నెల చేసిన మొదటి అణువు ఆ గడప దాటలేదు. గూడు కాస్త చిన్నది చేసి, రెండోదాన్ని ఈ గురువారం పరీక్షిస్తున్నాను.