అమ్మ తిన్నదా?

సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాల వారం వచ్చిందంటే మా ఇంట్లో పేపర్ ముందు అత్తమ్మ దగ్గరికే పోవాలి. రాజకీయాలు ఆమెకు పట్టవు. సిటీ పేజీ తీసి నన్ను చదవమంటుంది. రాణిగంజ్ వైపు బస్సులు ఎటు మళ్లిస్తున్నారు, బోనం ఎత్తుకొచ్చే ఆడవాళ్లకు వేరే లైను ఏ దిక్కున పెట్టారు, ఊరేగింపుగా పోయే ఫలహారం బండ్లు ఏ వేళకు కదులుతాయి, వైన్ షాపులు ఎప్పటిదాకా బంద్. కరెంటు తీగలు పైకి కట్టారా అని కూడా అడుగుతుంది, అమ్మవారికి మోసుకెళ్లే ఎత్తైన కాగితపు తొట్టెలకు తగులుతాయేమోనని. 2025లో లష్కర్ బోనాలు జూలై 13న ఆదివారం జరిగాయి. మళ్లీ ఆదివారం, 20న, పాతబస్తీలో లాల్ దర్వాజ బోనాలు. ఆ రెండు ఆదివారాల నడుమ మా దగ్గర ఏ వార్త చదివినా అందులో ఎక్కడో అమ్మవారు ఉండనే ఉంటుంది.

సికింద్రాబాద్‌ను పాతవాళ్లు ఇప్పటికీ లష్కర్ అంటారు. లష్కర్ అంటే సైన్యం. ఉజ్జయిని మహంకాళి గుడి కథ కూడా సైన్యంలో పనిచేసిన ఒక మనిషితోనే మొదలవుతుంది. ఆయన పేరు సురిటి అప్పయ్య, పని డోలీలు మోయడం. 1813లో జంట నగరాల్లో కలరా వచ్చి జనం చనిపోతున్న రోజుల్లో ఆయన బదిలీ మీద ఉజ్జయినిలో ఉన్నాడు. రోగం తగ్గితే నిన్ను మా ఊళ్లో నిలుపుకుంటానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడట. 1815లో తిరిగొచ్చి చెక్క విగ్రహం పెట్టాడు. 1864లో రాతి విగ్రహం వచ్చింది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. నేను మాత్రం ప్రతిసారీ ఒకచోట ఆగుతాను. మొక్కినవాడు రాజు కాదు, జాగీర్దారు కాదు. పైగా ఆయన అప్పుడు కలరాకు దూరంగా ఉన్నాడు. ఊరి నుంచి ఒక వార్త వచ్చింది, విన్నాడు, మొక్కాడు. పేపర్లో చావుల లెక్క చదివి పేజీ తిప్పేసేదాన్ని నేను. ఆయన అలా తిప్పలేదు.

బోనం అంటే భోజనమే. మనం నైవేద్యం, ప్రసాదం, నివేదన అని ఎన్ని మాటలు పెట్టుకున్నా, ఈ నేల మీద ఆడవాళ్లు మాత్రం అమ్మవారికి తీసుకెళ్లేదాన్ని అన్నం అనే పిలిచారు. కొత్త కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, పైన మూకుట్లో దీపం వెలిగించి నెత్తిన పెట్టుకుంటారు. లోపల ఉండేది పాలూ బెల్లమూ బియ్యమూ. ఎవరికైనా ఆకలేస్తే పెట్టేదే.

దేవీమాహాత్మ్యం ఐదో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది. నవరాత్రుల్లో మైకుల్లో ఎంతగా వింటామంటే, విన్నా వినపడదు.

యా దేవీ సర్వభూతేషు క్షుధారూపేణ సంస్థితా ।
నమస్తస్యై నమస్తస్యై నమస్తస్యై నమో నమః ॥

అన్ని ప్రాణుల్లోనూ ఆకలి రూపంలో ఉన్న దేవికి నమస్కారం. బుద్ధి, శాంతి, లక్ష్మి, దయ అని వరసగా వచ్చే ఆ స్తోత్రంలో ఆకలి ఎందుకొచ్చిందో చాలాకాలం నాకు అర్థం కాలేదు. కవి ఏదో లెక్క నింపడానికి వేశాడేమో అనుకున్నాను (తప్పే, ఒప్పుకుంటున్నాను). తర్వాత అదే అధ్యాయం మొదటి నుంచి చదివితే తెలిసింది. ఆ స్తోత్రం చేస్తున్న దేవతలు అప్పుడు ఏ స్థితిలో ఉన్నారంటే, శుంభ నిశుంభులనే రాక్షసులు వాళ్ల లోకాలతో పాటు యజ్ఞభాగాలు కూడా లాక్కున్నారు. యజ్ఞభాగం అంటే దేవతల తిండి. పళ్లెం ముందు నుంచి లేపేసిన తర్వాత హిమాలయానికి వచ్చి నిలబడి పాడుతున్నారు వాళ్లు. అలాంటివాళ్ల నోట ఆకలి అనే మాట అలంకారంగా రాదు.

మా అత్తమ్మకు ఈ శ్లోకం రాదు. చదువు కూడా అంతంతమాత్రమే. నా పెళ్లయిన రెండో ఏడు బోనం వండే పని మొదటిసారి నాకు అప్పజెప్పింది. అమ్మవారు తినకముందు రుచి చూడకూడదు. బెల్లం ఎంత పడిందో తెలియదు, పాలు ఎంత మిగిలాయో తెలియదు, ఒకటే టెన్షన్. ఆ కంగారులో మంట తగ్గించడం మర్చిపోయాను. అడుగంటింది. ఇల్లంతా మాడు వాసన. మళ్లీ వండుదామంటే టైం లేదు, కింద డప్పులు మొదలయ్యాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అత్తమ్మ వచ్చి చూసింది. ఏమనలేదు. పైపైన మెల్లగా తీసి కుండలోకి ఎత్తింది.

"మీదిది అమ్మకు, అడుగుది నాకు. ఏడ్వకు బిడ్డా, ఇంటికొచ్చి తింట."

"మాడు వాసన వస్తుంది కదా అత్తమ్మా, అమ్మవారు కోప్పడదా?"

"ఆకలిగొన్నామె వాసన చూస్తదా?"

గుడికి వెళ్లే దారిలో వాళ్లూ వీళ్లూ బిందెలతో నిలబడి బోనం ఎత్తుకున్నవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోస్తారు. బోనం మోసే మనిషిలో ఆ కాసేపు అమ్మవారే ఉందని నమ్మకం. ఉగ్రరూపం కాబట్టి చల్లబరచాలి. మా కాళ్ల మీద నీళ్లు పోసింది ఆ ముందురోజు దాకా పార్కింగ్ గురించి మా ఇంటి మీదికి పోట్లాటకు వచ్చిన ఆమే. తల పైకెత్తకుండా పోసి, కాళ్లకు దండం పెట్టుకుని వెనక్కి జరిగింది. నెత్తిన కుండ ఉంది కాబట్టి నేనూ తల దించలేకపోయాను. ఆ పోట్లాట తర్వాత మళ్లీ నడిచింది, అది వేరే సంగతి.

ఆ లైనులోనే బందోబస్తు మీద ఒక కానిస్టేబులమ్మ నిలబడి ఉంది. తెల్లవారుజామునే డ్యూటీకి వచ్చిందట. అమ్మవారికి సాక నీళ్లు ధారపోసి, బోనం సమర్పించి తిరిగొస్తుంటే అత్తమ్మ ఆమె చేతిలో ఇంత ప్రసాదం పెట్టింది. ఆమె అటూ ఇటూ చూసి, గోడ వైపు తిరిగి రెండు ముద్దల్లో తినేసింది. మాడు వాసన గురించి ఆమె కూడా ఏమీ అనలేదు. క్షుధారూపేణ అన్నప్పుడల్లా నాకు ఆ ఖాకీ చొక్కా వీపు గుర్తొస్తుంది.

అన్ని వార్తలూ ఇలాంటివే అని చెప్పను. ఇదే వారంలో, ఇదే సిటీ పేజీలో, జాతరకు వచ్చిన ఆడపిల్లలను వేధించి పోలీసుల షీ టీమ్స్‌కు దొరికిన మగవాళ్ల సంగతి కూడా వస్తుంది. అమ్మవారి గుడి లైనులో! ఆ వార్త చదివిన రోజు అత్తమ్మ పోతరాజు గురించి చెబుతుంది. ఒళ్లంతా పసుపు, కళ్లకు కాటుక, చేతిలో కొరడా. అతను అమ్మవారికి తమ్ముడు. అక్కచెల్లెళ్ల ముందు దారి ఖాళీ చేస్తూ నడవడమే అతని పని. "మగోనికి ఈ పండుగల ఉన్న పని గదొక్కటే" అంటుంది. నేను దీనికి వ్యాఖ్యానం చేయను.

2020లో కరోనా వల్ల పూజారులే జనం లేకుండా బోనాలు జరిపించారు. భక్తులు ఇళ్లలోనే చేసుకోవాలన్నారు. మహమ్మారి వల్ల కట్టిన గుడికి మహమ్మారి వల్లే వెళ్లలేకపోయాం. ఆ ఏడు అత్తమ్మ బోనం వండి, మా డాబా మీద గుడి ఉన్న దిక్కుకు తిరిగి నిలబడింది. చుట్టూ చూస్తే ఇంకో నాలుగు డాబాల మీద నాలుగు దీపాలు.

ఆదివారం బోనాలైతే సోమవారం పొద్దున రంగం. అమ్మవారికి అంకితమైన ఒక మహిళ, మాతంగేశ్వరి దేవి ఎదుట పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. పచ్చికుండ అంటే ఆవంలో కాల్చనిది, నీళ్లు తగిలితే కరిగిపోయే మట్టి. దాని మీద నిలబడి ఊరి సంగతి చెప్పాలి. టీవీల వాళ్లందరూ అక్కడే ఉంటారు. మర్నాడు పేపర్లో వానలు పడతాయంది, పంటలు పండుతాయంది, రోగాలు వస్తాయంది అని హెడ్డింగులు వస్తాయి. వాతావరణ శాఖ మాటతో పోల్చి చూసేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు జోస్యం కన్నా ఫిర్యాదు ముఖ్యం. పూజలు సరిగా చేయడం లేదని, మొక్కుబడిగా కానిస్తున్నారని కొన్నేళ్లు అమ్మవారు గట్టిగానే కోప్పడింది. ఏడాదంతా మన కష్టాలు ఆమెకు చెప్పుకుంటాం. ఆమె తన సంగతి చెప్పుకునేది ఆ కాసేపే.

నా అన్నం మాడిన ఏడు కూడా సోమవారం టీవీ ముందు కూర్చున్నాం. అత్తమ్మకు చెవులు కొంచెం మందం. నేను పక్కన కూర్చుని విన్నది విన్నట్టు చెప్పాలి. వానల గురించి చెప్పాను, ఊఁ అంది. రోగాల గురించి చెప్పాను, ఊఁ అంది. భక్తులు తెచ్చిన బోనాలు నీకు సంతోషమేనా తల్లీ అని అడిగినప్పుడు మాత్రం చేత్తో నన్ను ఆపి తనే టీవీ దగ్గరికి జరిగింది. డప్పుల హోరులో జవాబు సరిగా వినపడలేదు.

"ఏమన్నది?"

"సంతోషంగా అందుకున్నానంది అత్తమ్మా."

"తిన్నది గదా?"

"తిన్నది."

అత్తమ్మ లేచి వంటింట్లోకి పోయింది. కాసేపటికి మాడిన గిన్నెను కొబ్బరిపీచుతో గీకుతున్న చప్పుడు వినిపించింది.