జూలు వెనక లెక్క

స్తంభం పగిలింది, కర్నూలు హాల్లో పిల్లలంతా సీట్లెక్కేసినారు. అహోబిలం పక్కనే ఉన్న మనకు ఈ కథ కొత్త కాదు. అయినా 2025లో ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్ సినిమా వసూళ్లు 300 కోట్లు దాటినాయి.

నా కళ్లు మాత్రం నరసింహుడి జూలు మీదే. సెకనుకు 24 ఫ్రేములు, అంటే రెండు గంటలకు 1,72,800. ఫ్రేముకు గంట రెండరింగ్ (అంటే ఆ బొమ్మను కంప్యూటర్ పూర్తిగా తయారుచేయడం) అనుకున్నా, ఒక్క సిస్టమ్ మీదైతే ఇరవై ఏళ్లు పడుతుంది! అందుకే వందల మెషిన్లకు పంచుతారు. జూలు, పొగ, నీళ్లు ఉన్న షాట్లు ఇంకా టైమ్ తింటాయి. వెంట్రుకలు మెడలోకి దూరినాయంటే వాటి కదలికను కంప్యూటర్‌తో లెక్కగట్టే సిమ్యులేషన్ మళ్లీ చేయాల్సిందే, ఆ పైన రెండరింగూ మళ్లీనే.

డబ్బింగ్‌ది ఇంకో తిప్పలు. ప, బ, మ దగ్గర పెదాలు మూతపడాలి. తెరమీద మూయకుంటే మాటే మార్చి రాయాలి.

ఇంత పనిని ‘బొమ్మల సినిమానే కదా’ అంటే నాకు నిజంగా బాధేస్తుంది.