మా ఆయన కిడ్నీయే నాకు పడదన్నారు

కిడ్నీ మార్పిడి ఆపరేషన్ అయి ఇంటికొచ్చాను, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 1.1కి దిగింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మా ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూప్. ఆయనకి స్కాన్లు, గుండె పరీక్షలు అన్నీ బాగానే వచ్చాయి. క్రాస్‌మ్యాచ్ దగ్గర ఆగిపోయాం. నా సీరంలో, అంటే రక్తం నుంచి కణాలు తీసేశాక మిగిలే ద్రవంలో, ఆయన తెల్లరక్తకణాలు వేస్తే అవి చచ్చిపోయాయట. అంటే ఆయన కణాల మీద నా ఒంట్లో ముందే యాంటీబాడీలు తయారై ఉన్నాయి, వాటిని తీయకుండా కిడ్నీ పెడితే గంటల్లోనే పాడైపోవచ్చు.

ఇక ఆసుపత్రి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ గారు. హాల్లో జనం, పక్కనే మా అత్తగారు, కోఆర్డినేటరేమో గట్టిగా "ఎన్ని కాన్పులమ్మా? అబార్షన్లు ఏమైనా అయ్యాయా?" అని. బాబుకీ పాపకీ మధ్య పోయిన కడుపు సంగతి మా ఇద్దరికే తెలుసు. దాస్తే వైద్యం తప్పుతుందేమోనని చెప్పేశాను. ఇంటికెళ్లేదాకా అత్తగారు నాతో మాట్లాడలేదు, ఆ తర్వాత చుట్టాలు "మొగుడి కిడ్నీ కూడా పడని ఒళ్లు" అని మొదలుపెట్టారు. కడుపులో బిడ్డకి సగం తండ్రి పోలికే కదా, కణాల మీద ఉండే ఆ తండ్రి గుర్తుల్ని (హెచ్ఎల్ఏ అంటారు) తల్లి ఒళ్లు పరాయివిగా పట్టుకుని యాంటీబాడీలు చేసుకుంటుంది. ఆయన పిల్లల్ని మోసినందుకే ఇలా అయితే మాటలు పడాల్సింది నేనా?

ఈ యాంటీబాడీలకి రెండో కారణం రక్తం ఎక్కించడం. మా డయాలసిస్ సెంటర్లో హిమోగ్లోబిన్ తగ్గిందంటే చాలు, రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్, ఐరన్ సంగతి చూడకుండా రక్తం బ్యాగ్ తగిలించేవాళ్లు. దానివల్లా యాంటీబాడీలు పెరుగుతాయని ఒక్కరూ చెప్పలేదు. ప్రాణం మీదికొస్తే ఎక్కించుకోక తప్పదు, లేకపోతే మాత్రం "ఇంజెక్షన్‌తో పెరగదా?" అని నిలదీయండి. ఎక్కిస్తే ప్రతి బ్యాగూ తేదీతో రాసి పెట్టుకోండి.

చనిపోయినవాళ్ల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకోవచ్చు గానీ ఇన్ని యాంటీబాడీలుంటే అక్కడా సరిపడే కిడ్నీ దొరకడం కష్టం. ఇంకో జంటతో దాతల్ని మార్చుకునే స్వాప్‌కి చట్టం ఒప్పుకుంటుంది, మాకు జోడీ కుదరలేదు. చివరికి కొత్త యాంటీబాడీలు తయారవకుండా రిటుక్సిమాబ్ మందు ఇచ్చి, రక్తాన్ని మిషన్‌లోంచి పంపే ప్లాస్మాఫెరెసిస్‌లో ఉన్న యాంటీబాడీలు తీసేసి, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించారు. ఆ బిల్లుకి మా అమ్మ గొలుసు వెళ్లిపోయింది. మళ్లీ క్రాస్‌మ్యాచ్ చేస్తే నెగెటివ్, అంటే ఇక ఆయన కిడ్నీ పెట్టొచ్చు. మేం మొగుడూ పెళ్లాలమేనని చూపించే పెళ్లి ఫొటోలు, అనుమతిచ్చే కమిటీ ఇంటర్వ్యూ ఇట్టే అయిపోయాయి.

తీసేసిన యాంటీబాడీలు మళ్లీ పెరగొచ్చట, అందుకే ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ మాత్ర టైముకి వేసుకుంటూ, దాత మీద యాంటీబాడీలు ఎన్నున్నాయో చూసే డీఎస్ఏ పరీక్ష చేయిస్తూ ఉండమన్నారు. వచ్చే చెకప్‌కి మాత్రం అత్తగారిని తీసుకెళ్లను.