పెసరట్టు, కాజా, పూతరేకు: గోదావరి జిల్లాల్లో తినేముందు ఏం చూడాలి

పెసరట్టు బాగుంటుందో లేదో నోట్లో పెట్టకముందే చెప్పెయ్యొచ్చు. టిఫిన్ హోటల్లో పెనం కనబడే బల్ల దగ్గర కూర్చోండి. అట్టు వేసే మనిషి పెనం మీద నీళ్లు చిలకరించి, చీపురుతోనో ఉల్లిపాయ చెక్కతోనో తుడిచి, ఆ తర్వాత పిండి వేస్తే మీరు మంచి చోటికే వచ్చారు. పెనం మరీ కాలి ఉంటే పిండి పరుచుకోదు, గరిటెకి చుట్టుకుని ముద్దలుగా లేచొస్తుంది. పెనాన్ని ఒక్కసారి చల్లార్చడానికే ఆ నీళ్లు.

దోసెపిండి పులవాలి, పెసరట్టు పిండి పులవకూడదు. పొట్టు పెసలు నాలుగు నుంచి ఆరు గంటలు నానితే చాలు. ఎండాకాలంలో రాత్రంతా వదిలేస్తే నీళ్లు జిగటకట్టి వాసనొస్తాయి. గ్లాసు పెసలకు రెండు పెద్ద చెంచాల బియ్యం వేస్తారు. అసలు వెయ్యకపోతే అట్టు మెత్తబడుతుంది, గుప్పెళ్లు గుప్పెళ్లు పోస్తే బిరుసెక్కి మడతపెట్టగానే విరుగుతుంది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి కాస్త బరకగా రుబ్బాలి. వెన్నలా రుబ్బితే కరకర ఉండదు. పొట్టు మొత్తం కడిగేసినా అంతే, రంగూ పోతుంది, రుచీ పోతుంది. రుబ్బిన పిండి ఒకటి రెండు గంటలు పచ్చగా ఉండి, ఆ తర్వాత మట్టిరంగుకి తిరిగి పులుపెక్కుతుంది. అందుకే పెసరట్టు ఉదయం తొమ్మిదిలోపే తినాలి. పదకొండింటికి ‘ఉందండీ’ అన్నారంటే ముందు పిండి రంగు చూసి ఆర్డరివ్వండి.

ఉల్లిపాయ ముక్కలు సన్నగా ఉండాలి. పెద్ద ముక్కలైతే మడతలో అట్టు చిరిగిపోతుంది. లోపల పెట్టే ఉప్మా సంగతి చాలామంది పట్టించుకోరు. మామూలుగా తినే పొడిపొడి ఉప్మా దీనికి పనికిరాదు. అట్టు ఎలాగూ కరకరలాడుతుంది కాబట్టి ఉప్మా జారుగా, గ్లాసు రవ్వకు మూడు గ్లాసుల నీళ్లతో వండినదై ఉండాలి. అది వేడిగా కూడా ఉండాలి. చల్లారి గడ్డకట్టిన ఉప్మా పెట్టి మడిస్తే అట్టు ముందే తినేసి ఉప్మా పక్కకు నెట్టేస్తారు, హోటళ్లలో ప్లేట్లు చూస్తే తెలుస్తుంది.

అల్లం పచ్చడి కారంగా, పుల్లగా, తియ్యగా మూడూ ఒకేసారి తగలాలి. చేదుగా ఉందంటే అల్లం సరిగ్గా వేయించలేదనో, మాడ్చేశారనో అర్థం. ఇంట్లో చేసుకునేవాళ్లకు లెక్క: అల్లం, చింతపండు సమానం, బెల్లం దానికి ఒకటిన్నర రెట్లు. కొబ్బరి చట్నీ ఇచ్చినా తినొచ్చు, కానీ పెసరట్టుకి అది సరిజోడు కాదు.

సాయంత్రం బజ్జీ బండి దగ్గర చూడాల్సింది నూనె రంగు, మిరపకాయ పొట్ట. గింజ తీసి వాము, చింతపండు గుజ్జు, ఉప్పు కూరితేనే మిరపకాయ బజ్జీ. ఏమీ కూరకపోతే శనగపిండి తొడిగిన మిరపకాయ, అంతే. కోసి మళ్లీ వేయించి ఉల్లిపాయ, నిమ్మరసం వేసే కట్ మిర్చి అయితే కళ్లముందే రెండోసారి వేయించమనండి.

ఇక తీపి. కాజా అనగానే ఏ కాజా అని అడగాలి. కాకినాడది గొట్టం కాజా, పైన పలచటి గట్టి తొడుగు, లోపల పాకం. కొరికితే చొక్కా మీద కారుతుంది, ముందుకి వంగి తినండి. కొన్న రోజు, మర్నాడు దాని దర్జా వేరు. తర్వాత తొడుగు మెత్తబడుతుంది. మండపేట దగ్గర తాపేశ్వరానిది మడత కాజా, పొరలు పొరలుగా ఉంటుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఊరికి పట్టుకెళ్లాలంటే ఇదే తీసుకోండి.

మడత కాజాలో పొరలు విచ్చుకోలేదంటే నూనె వేడి తప్పిందన్నమాట. మైదాలో కాచిన నెయ్యి, చిటికెడు ఉప్పు వేసి కలిపి అరగంట నాననిస్తారు. పలచగా ఒత్తి, నెయ్యీ బియ్యప్పిండీ కలిపిన ముద్ద రాసి, చాపలా చుట్టి, అంగుళం ముక్కలు కోసి, అప్పడాల కర్రతో ఒక్కసారే అదుముతారు. రెండోసారి అదిమితే పొరలు అతుక్కుపోతాయి. నూనె ఓ మోస్తరుగానే కాగాలి: ముక్క అడుక్కి వెళ్లి నింపాదిగా తేలాలి. వేసిన వెంటనే పైకొచ్చి ఎర్రబడితే లోపల పచ్చిపిండే. లేత తీగపాకం గోరువెచ్చగా, కాజా వేడిగా ఉన్నప్పుడు ముంచాలి. రెండూ పొగలు కక్కుతుంటే కాజా నానిపోతుంది. పాకం చల్లారి చిక్కబడితే లోపలికి దిగదు, పైన తెల్లగా పంచదార పేరుకుంటుంది. అలా తెల్లబడ్డ కాజా కొట్లో కనిపిస్తే వదిలెయ్యండి. పాకంలో నాలుగు నిమ్మచుక్కలు పిండితే ఆ పేరుకోవడం తగ్గుతుంది.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగితే రేకు తయారవుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వేళ్లు కనబడాలి. దళసరి రేకు నాలుక మీద కరగదు, పళ్లకు అంటుకుంటుంది. అక్కడికక్కడ తినడానికి బెల్లం పూతరేకు అడగండి. బెల్లం చెమ్మ లాగుతుంది కాబట్టి ప్రయాణానికి పంచదారవే మేలు. అమెరికా పంపేవాళ్లు మెత్తటి అట్టపెట్టెలో కాకుండా గట్టి డబ్బాలో, ఖాళీ లేకుండా వరసగా పేర్చి సర్దమని కొట్లోనే చెప్పండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. బయటికి తీసిన కాసేపటికే చెమ్మపట్టి రేకులు ముద్దవుతాయి.